సరస్సులో ఈతకు పిల్లాణ్ణి పంపనా, వద్దా? (అమీబా భయం)

పదకొండేళ్ళవాడి_అమ్మ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు. మా వాడికి పదకొండేళ్ళు. రెండేళ్ళుగా కొలనులో ఈత నేర్చుకుంటున్నాడు, ఆగకుండా 400 మీటర్లు ఈదుతాడు. ఈ వేసవిలో కోచ్ గారు పిల్లలందర్నీ ఒక మంచినీటి సరస్సుకు తీసుకెళ్ళి అక్కడ ఈదిస్తానంటున్నారు. వాడి కాళ్ళు నేల మీద లేవు. నాకేమో ఆ "మెదడు తినే అమీబా" వార్తలు చూసినప్పట్నుంచీ నిద్ర లేదు.

మా ఆయన "కోటికొకరికి వచ్చేదానికి వాడి సరదా చెడగొడతావా" అంటారు. "ఆ ఒక్కడూ మనవాడే అయితే?" అంటాను నేను. రోజూ మాట అక్కడే ఆగిపోతోంది. నాది అతి భయమా? ఉన్నదున్నట్టు చెప్పండి.

గట్టుమీదోడు

అక్కా, నేనైతే ఇరవై ఏండ్ల సంది చెరువులల్ల ఈత కొడ్తున్న. నాకైతే ఏం కాలే. నీళ్ళంటే భయపడితె ఈత ఎట్లొస్తది? పంపుండ్రి.

లెక్కలపంతులు

గట్టుమీదోడు గారూ, ఏమీ అనుకోకండి, "నాకేం కాలే" అన్నది లెక్కలోకి రాదు. ఏదైనా అయినవాడు వచ్చి ఇక్కడ రాయలేడు కదా.

అమ్మగారూ, అంకెలు చూద్దాం. దీని పేరు నెగ్లేరియా ఫౌలెరి. దశాబ్దాల తరబడి దీని లెక్క రాసిపెట్టిన దేశం అమెరికా. అక్కడ 1962 నుంచి 2024 దాకా నమోదైన కేసులు 167. ఏడాదికి సగటున మూడు కూడా లేవు. అదే దేశంలో నీళ్ళలో మునిగి చనిపోయేవాళ్ళు ఏటా 4,000 పైమాటే. అరవై ఏళ్ళలో వచ్చిన అమీబా కేసులన్నీ ఒక పక్క పెట్టండి, ఒక్క ఏడాదిలో మునిగిపోయినవాళ్ళు వాటికి ఇరవై రెట్ల పైన ఉంటారు.

అయితే ఒక మెలిక ఉంది. భాగహారంలో పైన రాయాల్సిన అంకె మనకు తెలుసు. కింద రాయాల్సింది, అంటే మొత్తం ఎంతమంది ఎన్నిసార్లు సరస్సుల్లో దిగారన్నది, గట్టు మీద కూర్చుని ఎవరూ లెక్కపెట్టలేదు. చాలా తక్కువగా వేసుకుందాం, ఏడాదికి పది కోట్ల మునకలు. ముగ్గురిని పది కోట్లతో భాగించండి. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు రొనాల్డ్ హోవర్డ్ ఇలాంటి వాటికోసమే "మైక్రోమార్ట్" అనే కొలత పెట్టాడు. పది లక్షల్లో ఒక వంతు చావు అవకాశం ఉంటే ఒక మైక్రోమార్ట్. మన లెక్కలో ఒక మునకకు వచ్చేది 0.03. సరస్సు దాకా చేసే రోడ్డు ప్రయాణంలో ఉన్న ప్రమాదం ముందు ఇది దూదిపింజ.

పదకొండేళ్ళవాడి_అమ్మ

మాస్టారూ, ధన్యవాదాలు. కానీ నిజం చెప్పనా? మీరు చెప్పింది చదివాక నేను వెళ్ళి ఆ 167 మందిలో ఎంతమంది బతికారో వెతికాను. నలుగురు. ఇప్పుడు నాకు 0.03 గుర్తు లేదు, నలుగురే గుర్తున్నారు.

లెక్కలపంతులు

అది మీ తప్పు కాదమ్మా. "వస్తే ఏమవుతుంది" అన్నదీ "వస్తుందా" అన్నదీ వేర్వేరు ప్రశ్నలు. మనసు రెండింటినీ కలిపి ఒకే సంచిలో వేస్తుంది. నాకూ అంతే. విమానం కుదిపితే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునే నన్ను ఏ సంభావ్యతా ఓదార్చలేదు.

రాత్రిడ్యూటీ_డాక్టరమ్మ

ఇప్పుడే డ్యూటీ దిగాను. నిద్రమత్తులో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

అమ్మా, ముందు ఒక మాట. ఈ అమీబా ఉన్న నీళ్ళు గ్లాసుడు తాగినా ఈ జబ్బు రాదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు. దానికి ఉన్న దారి ముక్కు ఒక్కటే. ఎగిరి దూకినప్పుడో, తల కిందికి పెట్టి మునిగినప్పుడో, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుంటున్నప్పుడో నీళ్ళు ముక్కులోకి చివ్వున ఎక్కుతాయి చూడండి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అదీ దాని గుమ్మం. ముక్కు పైభాగంలో వాసన పసిగట్టే పొరకు అంటుకుని, వాసన నరం వెంట పాకి, ముక్కుకూ మెదడుకూ మధ్య జల్లెడలా చిల్లులుండే ఎముకలోంచి లోపలికి పోతుంది. సరస్సులో ఉన్నప్పుడు అది తినేది బాక్టీరియాని. మెదడు దాని ఆహారం కాదు, దారి తప్పి చేరిన చోటు. "మెదడు తినే" అని పేరు పెట్టి వార్త అమ్ముకోవడం తేలిక, అంతే.

దీన్ని 1965లో ఆస్ట్రేలియాలో ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు మొదట వివరంగా రాశారు. ఫౌలర్ పేరే దానికి పెట్టారు. దానికి వేడి ఇష్టం, 46 డిగ్రీల దాకా హాయిగా పెరుగుతుంది. అందుకే వేసవి చివర, ఎండకు కాగిన, లోతు తక్కువ నీళ్ళలో, అడుగున ఒండ్రు కలిసే చోట ఎక్కువ. 1978లో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో రోమన్ల కాలపు వేడినీటి కొలనులో ఈదిన ఒక బాలిక దీనివల్లే పోయింది, ఆ తర్వాత అక్కడ జనాన్ని దిగనివ్వడం మానేశారు. 2010లో అమెరికాకు ఉత్తరపు అంచున మిన్నెసోటాలో కేసు రావడం మాబోటివాళ్ళకు ఆశ్చర్యం. చలి రాష్ట్రం అని నిశ్చింతగా ఉన్న చోటు అది.

లక్షణాలు నీళ్ళలో దిగిన 1 నుంచి 12 రోజుల్లోపు మొదలవుతాయి. విపరీతమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, తర్వాత మెడ బిగుసుకోవడం, మాట తడబడటం. ఇవన్నీ మామూలు మెనింజైటిస్‌కీ (మెదడు పొరల వాపు) ఉంటాయి, చిక్కంతా అక్కడే. వెన్నునీరు తీసి తాజాగా సూక్ష్మదర్శిని కింద పెడితే అమీబా కదులుతూ కనబడుతుంది, కానీ చూడాలని తోచాలి కదా. ఆ తోచడం కోసమే మీరు చెప్పాల్సిన వాక్యం ఒకటుంది: "వీడు ఫలానా రోజున సరస్సులో ఈదాడు." డాక్టరు అడక్కపోయినా చెప్పండి. మందులు లేకపోలేదు. ఆంఫోటెరిసిన్‌తో పాటు మిల్టెఫోసిన్ వాడుతున్నారు. రెండోది కాన్సర్ కోసం తయారై, కాలా అజార్ అనే జ్వరానికి పనికొచ్చి, చివరికి ఇక్కడికి చేరింది. మందుల కథ రాయాలంటే నాకు సెలవు కావాలి.

నీటిబుడగ

డాక్టరమ్మగారూ, అయితే జలనేతి?

రాత్రిడ్యూటీ_డాక్టరమ్మ

మంచి ప్రశ్న. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు అలాగే చనిపోయారు. సరస్సు ముఖమే చూడలేదు, కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్నారు. మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడండి. రోజూ జలనేతి చేస్తూ సరస్సుకు భయపడేవాళ్ళు నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను.

సందేహాలరావు

అంతా బాగానే ఉంది. అమెరికా లెక్కలు పట్టుకుని "అరుదు, అరుదు" అంటే ఎలా? 2025లో ఒక్క కేరళలోనే సెప్టెంబరు మధ్యకల్లా 60కి పైగా కేసులు, 19 మరణాలు. ఏడాదికి మూడు ఎక్కడ, ఇది ఎక్కడ? మనకు లెక్క తక్కువ రావడానికి కారణం జబ్బు లేకపోవడమా, వెతకకపోవడమా? లెక్కలపంతులు గారి భాగహారంలో కింది అంకె తెలీదన్నారు. పై అంకె కూడా తెలీదని నా అనుమానం.

లెక్కలపంతులు

రావుగారూ, దెబ్బ సరైన చోటే కొట్టారు. ఒప్పుకుంటాను. కారణం తేలని మెదడువాపు మరణాల్లో ఇది ఎన్నిట్లో ఉందో ఎవరు చూశారు? నా 0.03 పక్కన "కనీసం" అని రాసుకోండి. కానీ అది పది రెట్లు తప్పనుకున్నా 0.3. అప్పటికీ నీళ్ళలో మునిగి చనిపోయే ప్రమాదం ముందు చిన్నదే.

రాత్రిడ్యూటీ_డాక్టరమ్మ

కేరళ అంకెలో ఒక సంగతి గమనించాలి. అక్కడ లెక్కేసేది అమీబా వల్ల వచ్చే మెదడు జబ్బులన్నిటినీ కలిపి. అందులో నెగ్లేరియా ఒక్కటే కాదు, అకాంతమీబా లాంటివీ ఉన్నాయి. అవి నెమ్మదిగా సాగుతాయి, చర్మం ద్వారానూ రాగలవు. చెరువు మొహం చూడనివాళ్ళకూ వచ్చాయి, అందుకే అక్కడ బావులకు క్లోరిన్ వేశారు. 60 మందిలో 19 మరణాలు అంటే బతికినవాళ్ళే ఎక్కువన్నమాట. అమెరికాలో 167కి నలుగురు. ఈ తేడాకి కొంత కారణం అమీబాలు వేరు కావడం, కొంత కారణం అక్కడి డాక్టర్లు మెదడువాపు కనబడగానే అమీబా కోసం చూడటం అలవాటు చేసుకోవడం. 2024లో అక్కడ పద్నాలుగేళ్ళ అబ్బాయి కోలుకున్నాడు. వెతికితే దొరుకుతుంది, త్వరగా దొరికితే కొందరు దక్కుతారు. రావుగారి అనుమానానికి కేరళే సగం సమాధానం.

గట్టుమీదోడు

గిదంత సదివినంక నాక్కూడ ముక్కు దురద వెడ్తుంది డాక్టరమ్మా 😅 ముక్కు క్లిప్పు వెట్టుకుంటె అయిపాయె గద?

రాత్రిడ్యూటీ_డాక్టరమ్మ

దాదాపుగా అంతే. క్లిప్పు లేకపోతే తల నీళ్ళ పైన పెట్టుకుని ఈదడం, దూకకపోవడం, అడుగు బురద రేపకపోవడం. చౌకైన జాగ్రత్త, నష్టమేమీ లేదు. ప్రమాదం ఎంత చిన్నదైనా దాని విరుగుడు అంతకన్నా చిన్నదైతే వాదన ఎందుకు, పెట్టేసుకోవాలి.

నీళ్ళసీసా

నేను నీటి పరీక్షల పనిలో ఉన్నాను. ఇంతసేపూ ముక్కు గురించే మాట్లాడారు, నోటి గురించి ఎవరూ అడగలేదు. మా సీసాల్లో రోజూ పట్టుబడేవి వేరే ఉన్నాయి, అవి అరుదూ కాదు.

1998లో అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ సరస్సులో ట్రయాథ్లాన్ (ఈత, సైకిలు, పరుగు కలిసిన) పోటీ జరిగింది. పాల్గొన్నది 876 మంది. వాళ్ళలో 834 మందిని తర్వాత విచారిస్తే 98 మందికి జ్వరం తదితర లక్షణాలు వచ్చినట్టు తేలింది. లెప్టోస్పైరోసిస్, మనం ఎలుక జ్వరం అంటామే, అది. పోటీకి ముందు భారీ వర్షాలు పడ్డాయి. గట్ల మీది ఎలుకల, పశువుల మూత్రం కొట్టుకొచ్చి నీళ్ళలో చేరింది. జబ్బు పడినవాళ్ళలో ప్రధానంగా కనబడ్డ తేడా, సరస్సు నీళ్ళు ఒక గుక్కైనా మింగడం. వీళ్ళంతా గట్టి శరీరం ఉన్న క్రీడాకారులు. ప్రపంచం మొత్తం మీద ఎలుక జ్వరం ఏటా సుమారు 10 లక్షల మందికి వస్తుందనీ, దాదాపు 60 వేల మంది పోతారనీ అంచనా. అమీబా ఎక్కడ, ఇది ఎక్కడ? కానీ "ఎలుక జ్వరం" అంటే పేపర్లో మూల పెట్టెకట్టు వార్త. పేరులో మెదడు లేదు, తినడం లేదు.

అయితే దీనికి మంచి గుణం ఒకటుంది. త్వరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్‌కే లొంగుతుంది. ఈత తర్వాత నెల రోజుల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం ఉంటే మళ్ళీ డాక్టరమ్మ చెప్పిన అదే వాక్యం చెప్పండి.

వాన అంటే గుర్తొచ్చింది. పెద్ద వాన తర్వాత రెండు మూడు రోజులు సరస్సు జోలికి పోకండి. మురుగు, పేడ, రోడ్ల మీది చెత్త అంతా అక్కడికే చేరుతుంది. ఈత నీళ్ళలో ఇ.కోలై బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు సగటున 126 దాటకూడదని అమెరికా పర్యావరణ సంస్థ నియమం. "పరీక్ష చేయించాం, బాగుంది" అని ఎవరైనా అంటే ఎప్పుడు చేయించారని అడగండి. బాక్టీరియా పెరిగి లెక్కకు రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి ఫలితం ఎప్పుడూ నిన్నటి నీళ్ళది. నిన్న రాత్రి వాన పడితే ఆ కాగితం పడవ చేసుకోవడానికి పనికొస్తుంది.

ఇక రంగు. నీళ్ళ మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కడితే అది మామూలు నాచు కాకపోవచ్చు. నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ నిజానికి అది బాక్టీరియా. దానిలో కొన్ని కాలేయాన్ని, కొన్ని నరాలను దెబ్బతీసే విషాలు చేస్తాయి. మరిగించినా ఆ విషాలు పోవు. ఒడ్డున నీళ్ళు తాగి, ఒళ్ళు నాక్కున్న కుక్కలు గంటల్లో చచ్చిపోయిన సందర్భాలున్నాయి. ఒక పుల్ల పెట్టి లేపండి. జుట్టు పోగుల్లా పుల్లకు వేలాడితే మామూలు నాచు అయ్యే అవకాశం ఎక్కువ, పుల్ల రంగులో ముంచినట్టు వస్తే అనుమానించాలి. ఇంకా సులువు, మోకాలి లోతులో నిలబడి మీ పాదాలు చూడండి. పచ్చదనం వల్ల పాదాలు కనబడకపోతే బయటికి వచ్చేయండి. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, మా వాళ్ళు నవ్వుతారేమో, కానీ సరస్సు దగ్గర మీకు ఉండేది కళ్ళే.

నీటిబుడగ

ఆఫ్రికా వెళ్ళేవాళ్ళ కోసం ఒక ముక్క: మలావీ, విక్టోరియా సరస్సుల్లో షిస్టోసోమియాసిస్ ఉంది. నత్తల్లోంచి వచ్చే పురుగు లార్వాలు చర్మంలోంచే దూరిపోతాయి, క్లిప్పు కాపాడదు. నీళ్ళు అద్దంలా ఉన్నా ఉంటాయి. ప్రజిక్వాంటెల్ అనే మందుతో తగ్గుతుంది.

కుడికన్ను

నా పేరు చూసి నవ్వేవాళ్ళకు కారణం ఇప్పుడు చెబుతాను. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని సరస్సులో దిగాను. గంటే. నాలుగు రోజుల తర్వాత కన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేకపోయాను, నొప్పి ఎలా ఉంటుందంటే కంట్లో ఇసుక పోసి నలిపినట్టు. మొదట చూసినాయన కళ్ళకలక అని చుక్కలిచ్చారు. రెండు వారాలు పోయాక ఇంకొకరు అకాంతమీబా అని గుర్తుపట్టారు. చుక్కలు మొదట్లో గంటకోసారి, రాత్రీ పగలూ. మొత్తం ఏడు నెలలు. చూపు ఉంది, మసక కూడా ఉంది.

లెన్సుకూ కంటికీ మధ్య అది చిక్కుకుంటే కదలదట. మీ అబ్బాయికి లెన్సులు లేవనుకుంటాను. వెంట వచ్చే పెద్దవాళ్ళకు ఉంటే తీసేసి దిగమనండి. చూపు కోసం పవర్ ఉన్న ఈత కళ్ళజోళ్ళు దొరుకుతాయి.

ఒడ్డుకాపలా

చాలాసేపటి నుంచి ఓపిక పట్టి చదువుతున్నాను. పదహారేళ్ళు నీళ్ళలోంచి మనుషుల్ని తీసిన వాణ్ణి. అమీబాతో పోయిన మనిషిని నేను ఒక్కణ్ణీ చూడలేదు. మునిగిపోయినవాళ్ళ లెక్క పెట్టడం మానేశాను.

తల్లీ, మీ వాడు కొలనులో 400 మీటర్లు ఈదుతాడన్నారు. సంతోషం. కానీ కొలనులో ప్రతి 25 మీటర్లకూ ఒక గోడ ఉంటుంది. వాడికి తెలీకుండానే గోడ తన్ని ఊపిరి తీసుకుంటున్నాడు. అడుగున నల్ల గీత కనబడుతుంది, అది చూసుకుంటూ పోతాడు. సరస్సులో గోడా లేదు, గీతా లేదు. ముఖం ముంచితే గోధుమరంగు చీకటి. అవతలి ఒడ్డు దగ్గరగా ఉన్నట్టే కనబడుతుంది, దాని దూరం నడిమధ్యకు వెళ్ళాకే తెలుస్తుంది. బాగా ఈదే పిల్లలు భయపడేది అలసటకు కాదు, కాలికి ఏదో మెత్తగా తగిలినప్పుడు. అది తామరతూడే. కానీ ఆ క్షణంలో ఊపిరి లయ తప్పుతుంది, నీళ్ళు మింగుతాడు, దగ్గు వస్తుంది, అంతే.

ఇంకో సంగతి. కొన్ని లోతైన సరస్సుల్లో ఎండాకాలం పైన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. కిందికి దూకితే కాస్త లోతున ఒక్కసారిగా చల్లటి పొర తగులుతుంది. 15 డిగ్రీల కంటే చల్లటి నీళ్ళు హఠాత్తుగా తగిలితే మనిషి వద్దన్నా నోరు తెరిచి ఊపిరి లాగుతాడు. నీళ్ళ కింద ఆ ఊపిరి లాగితే ఏం లోపలికి పోతుందో చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ చెప్పిన అమీబాకు వెచ్చటి నీళ్ళు కావాలి, ఈ చావుకు చల్లటివి. వెచ్చటి సరస్సు, చల్లటి సరస్సు అని ఏదో ఒకటి ఎంచుకుంటే తప్పించుకున్నామనుకోకండి.

లోతు చూడకుండా తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుతుంది. పోయిన నెల లోతుగా ఉన్న నీళ్ళు ఈ నెల ఎండకు పిక్కల దాకా దిగి ఉంటాయి. ఇంతకంటే రాయను, ఆ రోజులు గుర్తొస్తాయి.

అన్నిటికంటే ముఖ్యం: మునిగేవాడు అరవడు. సినిమాల్లోలా చేతులు ఊపడు. నోరు నీళ్ళ అంచున పైకీ కిందికీ ఆడుతుంటుంది, చేతులు పక్కలకు నీళ్ళను నొక్కుతుంటాయి, కళ్ళు ఎటో చూస్తుంటాయి. చూసేవాళ్ళకు ఆడుకుంటున్నాడనిపిస్తుంది. ఒక నిమిషం కూడా పట్టదు. అందుకే నేను అడిగేది ఒకటే. పిల్లలు ఎందరు, వాళ్ళను చూడటమే పనిగా, నీళ్ళలో దిగకుండా, ఫోను ముట్టుకోకుండా గట్టు మీద నిలబడేవాళ్ళు ఎందరు? "అందరం చూస్తూనే ఉంటాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం.

లెక్కలపంతులు

కాపలా గారి మాటకు అంకె జోడిస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో మునిగి చనిపోయినవాళ్ళు సుమారు 3 లక్షలు. అందులో నాలుగో వంతు అయిదేళ్ళ లోపు పిల్లలు. అమ్మగారికి నిద్ర పట్టనివ్వని ప్రమాదం ఒకటి, పట్టనివ్వకూడని ప్రమాదం ఇంకొకటి.

సందేహాలరావు

మరి ఇన్ని ఉన్నప్పుడు కొలనులోనే ఈదమనొచ్చు కదా? సరస్సు ఎందుకసలు?

నీళ్ళసీసా

కొలనులో ఏమీ లేదనుకుంటున్నారా రావుగారూ? క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఒకటుంది, మామూలు మోతాదు క్లోరిన్‌లో రోజుల తరబడి బతుకుతుంది. విరేచనాలతో ఉన్న ఒక్క పిల్లవాడు చాలు. నా ఉద్యోగం వల్ల నేను ఏ నీళ్ళనూ పూర్తిగా నమ్మను, అయినా ఆదివారం సరస్సులో ఈదుతాను. తెల్లవారుజామున నీళ్ళ మీద పొగ లేస్తుంటే వెల్లకిలా తేలుతూ ఆకాశం చూడటం ఏ కొలనులోనూ దొరకదు.

గట్టుమీదోడు

అసలు సంగతి గిది. వద్దంటె పోరలు చెప్పకుంట పోతరు. నేను గట్లనే పోయిన. మా అమ్మకు తెల్వకుంట, ఒక్కణ్ణే. ఇప్పుడు కాపలా అన్న రాసింది సదివితె చెమటలు వట్టినయ్. ఇరవై ఏండ్లల్ల నాకేం కాలే అంటే నాకు ఈత వచ్చని గాదు, నసీబు మంచిగుందని. మొదటి పోస్టు వాపస్ తీస్కుంటున్న అక్కా.

పదకొండేళ్ళవాడి_అమ్మ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇది రాయడానికి వారం పట్టింది, ఎందుకంటే మధ్యలో కోచ్ గారి దగ్గరికి వెళ్ళాను.

పిల్లలు పద్దెనిమిది మంది. చూడటానికి ఎవరని అడిగితే "నేను, ఇంకో సార్, ఇద్దరం వాళ్ళతోనే ఈదుతాం" అన్నారు. గట్టు మీద ఎవరని అడిగితే ఒక్క క్షణం మాట్లాడలేదు. మంచాయన, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదంతే. ఇప్పుడు ఆరుగురు పిల్లలకు ఒకరు చొప్పున ముగ్గురు తల్లిదండ్రులు గట్టు మీద ఉంటున్నారు, ఇరవై నిమిషాలకోసారి మార్చుకుంటారు. ప్రతి పిల్లవాడి నడుముకూ తేలే బంతి. తాడు కట్టిన గీత దాటి లోపలికి వెళ్ళడం లేదు. దూకడాలు లేవు, ఇందుకు మా వాడు నా మీద అలిగాడు. వాన పడితే ఆ వారం రద్దు. ఎండలు ముదిరిన నెలలో కాకుండా ముందుకు జరపమన్నాను, అది మాత్రం కుదరదన్నారు, బడి సెలవులు అప్పుడే.

మా ఆయన ఇప్పటికీ ముక్కు క్లిప్పు గురించి నవ్వుతారు. గట్టు మీద మొదటి ఇరవై నిమిషాల వంతు మాత్రం ఆయనే అడిగి తీసుకున్నారు. నాకు అమీబా భయం పూర్తిగా పోలేదు. పన్నెండు రోజులూ వాడి నుదురు పట్టుకు చూస్తూనే ఉంటానేమో. డాక్టరమ్మగారు చెప్పిన వాక్యం తేదీతో సహా ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించాను.

ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. క్లిప్పు పెట్టుకుని ఇంట్లో బకెట్లో ముఖం ముంచి సాధన చేస్తున్నాడు. మూడోసారికి జారి అడుక్కి పోతోంది. బకెట్లోంచైతే తీస్తాను, సరస్సులో ఎలా?

గట్టుమీదోడు

దారం ఉన్నది తీస్కోండ్రి అక్కా, మెడకు ఏలాడ్తది. తడి ముక్కుకు వెట్టొద్దు, తుడిచి వెట్టాలె. నేను కూడ నిన్ననే కొన్న. పెట్టుకోని మాట్లాడితె మా ఇంట్ల అందరు నవ్వుతున్నరు.

ఒడ్డుకాపలా

ఆ దారం లాగితే ఊడిపోయేదై ఉండాలి. కొనేముందు ఒకసారి లాగి చూడండి.

పదకొండేళ్ళవాడి_అమ్మ

ఇప్పుడే లాగి చూశాను. ఊడింది.